కొట్టిన చెరకు

కార్తికము వెళ్ళి గానుగ ఋతువు మొదలైన పిమ్మట, గోదావరి డెల్టా రోడ్లపై బారులు తీరిన చెరకు బళ్ళలో నుండి, రెండు పగళ్ళు ఎండలో నిలిచిన గడ నొకదానిని లాగి మొనను ముక్కునొద్ద పెట్టి చూడుడు. పచ్చి వాసనకు మారుగా పులిసిన కల్లువాసన తగులును.

నరికినంత మాత్రమున గడ ప్రాణము పోదు. వేరునుండి నీరందకున్నను లోపలి కణములు శ్వాసించుచునే యుండును. ఆ శ్వాసకు వ్యయమగునది పంచదారయే. ఇన్వర్టేజ్ అను ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టును. ఇవి తీయనివే యైనను పలుకు కట్టక మొలాసిస్‌లో కలిసి పోవును. ఇది చాలదన్నట్లు, కోసిన మొనగుండా ల్యుకోనాస్టాక్ అను సూక్ష్మజీవి ప్రవేశించి, డెక్స్‌ట్రాన్ అను జిగురును పుట్టించి రసమును చిక్కబరచును. గడ యెండి తరిగిన బరువు కాటాకు తెలియును గనుక ఆ నష్టము రైతుది. లోపల తరిగిన తీపి కాటాకు తెలియదు గనుక అది ఫ్యాక్టరీది. కాని చెరకు ధర పంచదార దిగుబడి శాతముతో ముడిపడి యుండుట వలన రెండవదియు చుట్టు తిరిగి రైతునే చేరును.

1747లో జర్మను రసాయనవేత్త మార్‌గ్రాఫ్ బీటుదుంపలో పంచదార కనుగొనిన ఐరోపా దేశములలో ఈ చిక్కు వేరొక రూపమున నున్నది. అచ్చట దుంపను త్రవ్వి, నెలల తరబడి గుట్టలుగా నిలువచేయుదురు; చలి వారికి మిత్రము, గాయపడిన దుంపపై బూజు శత్రువు. అందుకే గుట్టలపై సున్నపు పాలు, బూజునాశక ద్రావణములు చల్లు పద్ధతులు వెలసినవి. మనకు ఆ చలి లేదు. లక్నోలోని భారతీయ చెరకు పరిశోధన సంస్థవారు బెంజాల్కోనియం క్లోరైడును సోడియం మెటాసిలికేటుతో కలిపి, కొట్టిన గడలపై చల్లి, ఎండుటాకు కప్పు విధానమును పరీక్షించి, తీపినష్టము తగ్గుననిరి. తగ్గును; ఆగదు. రసాయనము కొనిపెట్టునది కొలది గడువే గాని, తీరిక కాదు.

ఎర్రకుళ్ళు తెగులు పీడించినప్పుడు 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రమును నెలకొల్పుకొన్న గోదావరి సీమ యిది. శాస్త్రమునకు చెవి యొగ్గుట మనకు క్రొత్త కాదు. కనుక రైతులారా, ఫ్యాక్టరీ ఇచ్చు కటింగు ఆర్డరు చేతికి రానిదే కత్తి పట్టకుడు. కొట్టిన గడను ఎండుటాకుతో కప్పి, ఆ దినముననే బండి కెక్కింపుడు.