గింబళి ఏ భాష మాట?

బెంగళూరు పాతపేటలలో బళేపేట ఒకటి. కన్నడంలో బళె అంటే గాజు. ఆ లెక్కన ఇది గాజులపేట. కాని ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాడు ఆ పేరును మొదటిసారి విన్నప్పుడు అతని చెవిలో పడేది 'భలే పేట'. వీణలు, మృదంగాలు అమ్మే దుకాణాలు, చీరల కొట్లు వరసగా ఉన్న ఆ వీధులను చూస్తే ఆ పేరూ తప్పనిపించదు. అయితే ఈ చిన్న హాస్యం అందాలంటే బళె, భలే అనే రెండు మాటలూ ఒకేసారి తలకు తట్టాలి. ఒకటే తెలిసినవాడికి అక్కడ నవ్వడానికేమీ కనపడదు.

ఈ మాట గుర్తుకు రావడానికి కారణం అక్కడ జరిగిన ఒక ఆదివారపు తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు అయిన పది పన్నెండు మంది పిల్లలకు 'మాయాబజార్' చిత్రం వేసి చూపించాం. అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్య శర్మ, శాస్త్రి వేషాల్లో కౌరవుల విడిదికి వచ్చి రాక్షసుల మాయకు చిక్కే ఘట్టం వచ్చింది. తివాచీ మనిషిని చుట్టేస్తుంటే పిల్లలందరూ నవ్వారు. కాని దాని పేరు 'గింబళి' అన్నప్పుడు నవ్వింది మాత్రం వెనక కూర్చున్న చీరల కొట్టు పెద్దాయన ఒక్కరే. బొమ్మ ఆగాక ఒక అబ్బాయి లేచి, "సార్, గింబళి నిఘంటువులో లేదు. సంస్కృతమా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

ముందు ఈ చిత్రాల సంగతి రెండు మాటల్లో. విజయా సంస్థ నుంచి 'పాతాళభైరవి' 1951లో, 'మాయాబజార్' 1957లో, 'జగదేకవీరుని కథ' 1961లో వచ్చాయి. మూడింటికీ దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు (1901–1971), ప్రధాన పాత్రధారి ఎన్.టి. రామారావు. కథలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మొదటిదాని వెనక మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' ఉన్నాయి, మూడోదాని వెనక 1944 నాటి తమిళ చిత్రం 'జగతలప్రతాపన్' ఉంది. అయినా జనం వీటిని ఒకే వరసలో కలిపి తలచుకుంటారు. కారణం పింగళి మాట. మూడింటిలోనూ మంత్రాలు, మాయలు, వింతలోకాలు ఉన్నాయి కాని నవ్వు పుట్టేది ఎక్కువగా మాట దగ్గరే. అందుకే తెలుగునాటికి దూరంగా పెరిగిన విద్యార్థికి ఇవి కళ్ళకు పూర్తిగానూ చెవికి సగంగానూ అందుతున్నాయి.

ఇక గింబళి. మనం పులి గిలి అంటాం, మేక గీక అంటాం, కాఫీ గీఫీ అంటాం. మాట మొదటి అక్షరాన్ని తీసేసి, అది హ్రస్వమైతే 'గి', దీర్ఘమైతే 'గీ' పెడితే ప్రతిధ్వని పదం వస్తుంది. దానికి విడిగా అర్థం లేదు. 'అలాంటివి' అని చెప్పడమే దాని పని. కాఫీ గీఫీ తాగుతారా అని అడిగిన గృహిణి ఇంట్లో కాఫీ ఉంటుంది, టీ ఉండవచ్చు, గీఫీ అనేది ఎక్కడా ఉండదు. పింగళి రాక్షసులు ఆ లేని వస్తువును తయారు చేశారు. కంబళి గింబళి అంటారు గదా, కంబళి మీకు తెలుసు, ఇదిగో గింబళి. తల్పం గిల్పం అంటారు గదా, తల్పం మనుషులది, ఇదిగో గిల్పం. తల్పం సంస్కృతం, కంబళి ఇంటింటి మాట. ప్రతిధ్వని సూత్రం రెండింటినీ ఒకే తీరున పట్టుకుంది. అర్థంలేని మాటకు వస్తువు దొరకడమే అక్కడి హాస్యం. ఆ వస్తువు మనిషిని చుట్టేయడం ఆ తరువాతి సంగతి.

బళేపేట విద్యార్థికి ఇది అందకపోవడం నాకు వింతగా తోచింది. ఎందుకంటే కన్నడంలోనూ ఇదే సూత్రం ఉంది, అక్షరం కూడా ఇదే. రోజూ 'తిండి గిండి ఆయ్తా' అని పలకరించే ఊరు ఇది. పైగా గిండి అంటే కొమ్ముచెంబు అనే అర్థం కూడా ఉన్నది. ఆ పలకరింపు విన్న పాత్రల దుకాణం మనిషి నిజంగానే ఒక గిండి తెచ్చి ముందు పెట్టాడనుకోండి, అదే గింబళి. తమిళంలో ఈ చోట 'కి' వస్తుంది, హిందీలో చాయ్ వాయ్ అని 'వ' వస్తుంది. ఒక్క బేరంలో నాలుగు భాషలు దొర్లే ఆ వీధుల్లో పెరిగిన పిల్లవాడి చెవిలో ఈ సూత్రం ఎప్పటినుంచో ఉంది. సినిమా అనేసరికి పౌరాణికం గదా, భాషంతా గ్రాంథికమే అయి ఉంటుందనుకొని అతను నిఘంటువు తీశాడు. వెతకవలసిన చోటు తన వీధి.

దీనికి సరిగ్గా ఎదురుగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఒక పరీక్ష పత్రంలో ఒక విద్యార్థిని 'తస్మదీయ' అనేదాన్ని సంస్కృత పదాల పట్టికలో రాసింది. తప్పు పట్టాలంటే మనసొప్పలేదు. తెలుగు పత్రికల్లో రాజకీయ వార్తలు చదివేవారికి అస్మదీయులు, తస్మదీయులు అనే జంట నిత్యం కనపడుతుంది. అస్మదీయ అంటే మనది, మనవాడు. అది సంస్కృతమే. మీది అనాలంటే యుష్మదీయ, వారిది అనాలంటే తదీయ. తస్మదీయ అన్న రూపం వ్యాకరణంలో లేదు. అది 'మాయాబజార్' రాక్షసుల పాఠశాలలో పుట్టింది. వాళ్ళ నోట అది ఇంకా వదులై అసమదీయులు, తసమదీయులు అవుతుంది. సంయుక్తాక్షరం పలకలేక మధ్య ఒక అచ్చు వేసుకోవడం తెలుగు నోటికి కొత్త కాదు. రత్నాన్ని రతనం, యత్నాన్ని జతనం చేసుకున్నది ఆ విధంగానే. గురువు శుద్ధరూపం కోసం పాకులాడుతుంటే ఘటోత్కచుడు శిష్యుడి పక్షం వహించి, కొత్త మాట పుట్టించినందుకు వీరతాడు వేయిస్తాడు. వీరతాడు కూడా అలా పుట్టిన మాటే. వ్యాకరణం చదువుకున్నవారికి ఆ చోట నవ్వుతోపాటు చిన్న గుచ్చు కూడా తగులుతుంది. ఆ మాట నిజంగానే నిలిచింది, సంపాదకీయాల దాకా వెళ్ళింది.

ఈ రెండు ఉదాహరణల నుంచి నేను విద్యార్థులకు చెప్పే ఉపాయం ఒకటే. ఇటువంటి చిత్రం చూస్తున్నప్పుడు భాష స్థాయి హఠాత్తుగా మారిన చోట ఆగండి. గంభీరమైన సమాసం నడుమ వంటింటి మాట వచ్చినా, మోటు మనిషి నోట సంస్కృతం పలికినా అక్కడ ఏదో దాచి ఉంటుంది. 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు మాంత్రికుడు తోటమాలి కొడుకును డింభకా అని పిలుస్తాడు. చాలామంది పిల్లలు అది తిట్టనుకున్నారు. సంస్కృతంలో డింభకుడంటే పసివాడు. తోటరాముడనే పచ్చి తెలుగు పేరుకు ఎదురుగా ఆ మాటను నిలబెట్టి చూడండి.

గోంగూర సంగతి కూడా ఇటువంటిదే. హస్తినాపురం నుంచి దిగిన పెళ్ళివారికి విందులో గోంగూర లేనిదే ముద్ద దిగదట. దానికి శాకంబరీదేవి పేరు తగిలించి, ఆంధ్రశాకమని బిరుదిచ్చి అడుగుతారు. కురురాజుల వంటకాల్లో గోంగూర ఏమిటని తర్కిస్తే హాస్యం పోతుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల ప్రేక్షకుడు తన ఇంటి పచ్చడి ద్వాపరయుగానికి ఎక్కిందని మురిసిపోతాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న, చిత్రం విడుదలైంది 1957 మార్చి 27న. ఆంధ్రశాకమనే మాటకు ఆ రోజుల్లో హాల్లో ఎక్కువ చప్పట్లు పడి ఉంటాయని నా ఊహ, అంతకుమించి పట్టుపట్టను. ఉత్తర కర్ణాటకలో పుండి పల్యె తిని పెరిగినవారికి ఆ ఆకు పరిచితమే. పేరు మారడం వల్లనే నవ్వు జారిపోతుంది.

పేర్లలోనూ ఇంకొక పొర ఉంది. రాక్షసుల గురువు చిన్నమయ్య, వేషం రమణారెడ్డిది. మామూలు తెలుగింటి పేరులాగా వినపడుతుంది. అందులో మయుడున్నాడు. ఖాండవదహనం తరువాత ధర్మరాజుకు మయసభ కట్టి ఇచ్చినవాడు మయుడు. నేలను నీరనుకొని, నీటిని నేలనుకొని దుర్యోధనుడు భంగపడింది ఆ సభలోనే. ఇప్పుడు అదే దుర్యోధనుడి పరివారం మరొక చిన్న మయుడి పనితనంలో విడిది చేసింది. కాళ్ళ కింద నేల మళ్ళీ మోసం చేస్తుంది. నన్నయ సభాపర్వం చదివినవారు ఈ వియ్యాలవారిని చూసి ముందే నవ్వడం మొదలుపెడతారు. 'బజార్' అనే పారసీక మాటను ద్వాపరయుగానికి తగిలించిన శీర్షిక కూడా ఇదే కోవలోది. అయితే అది ఈ చిత్రంతో మొదలు కాలేదు. 1936 నాటి చిత్రానికీ ఆ పేరుంది.

అన్నిటికంటే లోతుగా ఉన్నది మాటలో లేదు, కథ వెనక ఉంది. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. జనం చెప్పుకున్న కథ, నాటకాల వాళ్ళు ఆడిన కథ. పాండవుల వైపు పెళ్ళి అయినా చిత్రంలో పాండవులు ఒక్కసారీ కనపడరు. చాలామందికి రెండోసారి చూసేదాకా ఆ లోటు తెలియదు. ఆ సంగతి అలా ఉంచి ఈ పెళ్ళిపందిట్లో ఉన్న ముగ్గురు కుర్రవాళ్ళను గమనించండి: పెళ్ళికొడుకు అభిమన్యుడు, భంగపడ్డ పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడు, పెళ్ళికూతురి వేషం కట్టిన ఘటోత్కచుడు. ముగ్గురూ ద్రోణపర్వంలో చనిపోతారు. లక్ష్మణకుమారుణ్ణి అభిమన్యుడే చంపుతాడు. అదే రోజు అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోతాడు. మరునాటి రాత్రి యుద్ధంలో కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు కూలుతాడు. చిత్రం దీన్ని గురించి ఒక్క మాట చెప్పదు. చెప్పనక్కరలేదు, 1957 నాటి ప్రేక్షకుడు పద్మవ్యూహం హరికథ ఎప్పుడో విని ఉంటాడు. రేలంగి లక్ష్మణకుమారుడిగా హొయలుపోతుంటే వాళ్ళు నవ్విన నవ్వు, ఆ కథ తెలియని మన పిల్లలు నవ్విన నవ్వు ఒకటి కాదు. ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకమ్మాయి మాత్రం, "మరి సావిత్రి ఘటోత్కచుడిలా నడిచే ఆ పాట మళ్ళీ వేయండి సార్" అంది. వేశాం. సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు పైకి వచ్చే చోటు ఈసారి అందరూ పట్టుకున్నారు.

ఇంతా చెప్పాక ఒక హెచ్చరిక కూడా అవసరం. వెతకడం అలవాటైతే లేనివి కూడా కనపడతాయి. తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి చూపే పెట్టె పేరు ప్రియదర్శిని. ఇందిరాగాంధీ పూర్తి పేరులో ఆ మాట ఉంది గనుక అది రాజకీయ చమత్కారమా అని ఒకరు అడిగారు. ఆవిడ ప్రధాని అయింది 1966లో. ప్రియమైనదాన్ని దర్శింపజేసేది అన్న అర్థం ఆ పెట్టె చేసే పనికి అతికినట్టు సరిపోయింది, ఇక వేరే కారణం వెతకడమెందుకు? ఆ పెట్టెను చూసి లాప్‌టాప్‌ను పింగళి ముందే ఊహించాడనేవారూ ఉన్నారు. అది మన కాలపు సరదా, చిత్రంలో దాచినది కాదు. ఒక సూచన నిజమా కాదా అని తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఆనాటి ప్రేక్షకుడికి అది తెలిసే వీలుందా? దాన్ని తీసేస్తే ఆ ఘట్టంలో నవ్వు తగ్గుతుందా? చిన్నమయ్య ఈ రెండింటికీ నిలుస్తాడు. ప్రియదర్శిని మీద వేసిన ఊహ నిలవదు.

తరువాతి తరం ఈ చిత్రాలనే గనిగా వాడుకుంది. జంధ్యాల తన చిత్రాలకు 'అహ నా పెళ్ళంట' (1987), 'వివాహ భోజనంబు' (1988), 'చూపులు కలసిన శుభవేళ' (1988) అని పేర్లు పెట్టినప్పుడు మూడూ 'మాయాబజార్' పాటల నుంచే తీసుకున్నాడు. కాబట్టి ఇది తెలియనివాడు జంధ్యాల దగ్గర కూడా ఒక అడుగు వెనకబడతాడు. 2010లో 'మాయాబజార్' రంగుల్లో విడుదలైంది. పిల్లలకు ఏది చూపాలని కొందరు అడుగుతున్నారు. ఏదైనా ఫరవాలేదు, చెవులకు రంగుతో పనిలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చేటప్పుడు తలా పది ప్రతిధ్వని పదాలు రాసుకురమ్మన్నాను. గింబళి గురించి అడిగిన అబ్బాయి తొమ్మిదే రాసి, పదోది కుదరలేదని తెచ్చాడు. "సార్, పులికి గిలి, మేకకు గీక. మరి గిన్నెకు ఏం చెప్పాలి?"

నేను ఆలోచిస్తుండగానే వెనక నుంచి చీరల కొట్టు పెద్దాయన అందుకున్నారు. "గిన్నె గిన్నె అంటే మా వీధిలో రెండు గిన్నెలకు బిల్లు రాస్తారప్పా."