కాగు అడుగున సున్నం - కారు కడుపులో సున్నం

వేన్నీళ్ల కాగును కొన్ని నెలలు తోమకుండా వాడి లోపలికి తొంగి చూచిన వారికి దాని అడుగున తెల్లని పెచ్చు కనిపిస్తుంది. బావినీటిలో కంటికి కనబడకుండా కరగి ఉన్న సున్నపు లవణాలు నీరు కాగినకొద్దీ విడివడి, రాగికి అంటుకొని, ఆ పెచ్చుగా మారుతాయి. కాగుకు పెచ్చు కడితే నాలుగు కట్టెలు ఎక్కువ ఖర్చవుతాయి, అంతే. అదే పెచ్చు పాతకారు రేడియేటరులో కడితే ఇంజను ప్రాణానికే ముప్పు.

మనకు చిరపరిచితమైన అంబాసిడరునే ఉదాహరణగా తీసుకొందాం. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాను అనుసరించి పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. దానిని ఇంటి పెద్దవలె ఆదరిస్తున్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ కారు ఎండలో ఎత్తు ఎక్కలేక ఆవిరి కక్కుతూ ఆగిపోతే, "ఇంజను ముసలిదైపోయింది" అని తీర్పు చెప్పటం పరిపాటి. పెక్కుసార్లు ముసలిదైనది ఇంజను కాదు. నీరు నడిచే దారి పూడిపోయినది.

పెట్రోలు మండగా పుట్టే వేడిలో సుమారు మూడవ వంతును ఈ నీరే మోసుకొని పోవలె. పంపు నీటిని సిలిండర్ల చుట్టూ త్రిప్పుతుంది. వేడెక్కిన నీరు రేడియేటరు పైతొట్టికి చేరి, సన్నని గొట్టాలగుండా క్రిందికి దిగుతుంది. గొట్టాలకు అతికిన పలుచని రేకుల నడుమ వీచే గాలి ఆ వేడిని హరిస్తుంది. రాగితో పోల్చితే సున్నపు పెచ్చు వేడిని వంద రెట్లకు పైగా తక్కువగా ప్రసరింపజేస్తుంది. అందుచేత కాగితమంత పొర కూడా గొట్టానికి కంబళి కప్పినట్లే. దీనికి తోడు పోత ఇనుముతో చేసిన ఇంజను లోపల తుప్పు పుట్టి, బురదయై, పల్లపు మూలల్లో నిలుస్తుంది.

శుభ్రం చేయటం కష్టమేమీ కాదు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత పాత నీటిని వదలవలె. రేడియేటరును విడదీసి, నీరు మామూలుగా వచ్చే దిక్కుకు ఎదురుగా, క్రిందినుంచి పైకి, మెల్లగా నీటిని పంపితే అణగి ఉన్న మడ్డి కదలి వస్తుంది. రాగి, ఇత్తడి రేడియేటరైతే నిమ్మ ఉప్పును నీటిలో పలుచగా కరగించి పోసి, కొంతసేపటికి వదలి, పలుమార్లు కడగవలె. రేకుల నడుమ చిక్కిన దుమ్మును, పురుగులను ఇంజను వైపునుంచి ముందుకు కడగటం మేలు. గొట్టాలు బొత్తిగా పూడిపోతే పనివాని వద్దకు పోవలసినదే. అతడు తొట్టి టంకం విప్పి, సన్నని కడ్డీలతో గొట్టాలను తెరచి, మరల టంకం వేస్తాడు.

కడిగిన రేడియేటరులో తిరిగి బావినీరే పోస్తే చేసిన శ్రమంతా వ్యర్థం. బట్టి పట్టిన నీరు, దానిలో తుప్పును నిరోధించే కూలెంటు కలిపి పోయటం ఉత్తమం. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. తీసివేసిన ద్రవాన్ని పిల్లలకు, పశువులకు అందేచోట ఉంచరాదు.

ఇక మూత సంగతి. అది కేవలం మూత కాదు. పీడనాన్ని నిలిపి ఉంచే కవాటం. చదరపు అంగుళానికి 7 పౌన్ల అదనపు పీడనంలో నీరు 100 డిగ్రీల వద్ద కాక, సుమారు 111 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. వేడిమీద మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోయి, నీరు ఆవిరిగా మారి ముఖాన్ని, చేతులను కాల్చివేస్తుంది. ఎంత తొందర ఉన్నా చల్లారేవరకు ఆగవలె. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించినా పోత ఇనుము పగిలే ప్రమాదమున్నది.

మన ఎండలకు అవసరం లేదంటూ థర్మోస్టాటును పీకివేయటం మరొక పొరపాటు. తగిన వేడి రాక ఇంజను త్వరగా అరుగుతుంది. పూడిన రేడియేటరు మాత్రం పూడినట్లే ఉంటుంది. రోగాన్ని విడిచి కావలివానిని తొలగించటమే అది.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని కారు లేకుండానే తరగతిలో చూపవచ్చు. కాగు అడుగున గోకిన తెల్లని పొడిపై నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. సున్నపు కార్బొనేటు కరగి, బొగ్గుపులుసు వాయువు వెలువడటమే ఆ పొంగు. ఆ నాలుగు బుడగలను శ్రద్ధగా చూచిన విద్యార్థి రేపు ఆవిరి కక్కే కారు ఎదుట నిలిచినప్పుడు దాని వయస్సును నిందించడు; అది త్రాగిన నీటిని గురించి అడుగుతాడు.