చెత్త ఎత్తితే ఆరు పాయింట్లు



"మావాడికి లీడర్‌షిప్ రావాలంటే ఏ కోర్సులో చేర్పించాలి సార్?" పేరెంట్స్ మీటింగుల్లో తరచుగా వినే ప్రశ్న ఇది. ఏ కోర్సూ లేకుండా, ఒక ఆట ద్వారానే వేలాది పిల్లలకు నాయకత్వం నేర్పిన చోటు ఒకటుంది. ఈ నెల దాని గురించి తెలుసుకుందాం.

కెన్యా రాజధాని నైరోబీలో మథారే ఒక పెద్ద మురికివాడ. రేకుల ఇళ్లు, ఇరుకు సందులు, పూడిపోయిన కాలువలు, ఎక్కడపడితే అక్కడ చెత్తకుప్పలు. అక్కడి పిల్లలు ప్లాస్టిక్ సంచులను ఉండచుట్టి, తాడుతో బిగించిన బంతితో ఫుట్‌బాల్ ఆడుకునేవారు. 1987లో బాబ్ మన్రో అనే కెనడా దేశస్థుడు ఆ ఆట చూశారు. లీగ్ నడపడానికి సాయం చేస్తానన్నారు. అయితే ఒక షరతు పెట్టారు: మీరు కూడా మీ వాడకు ఏదైనా చేయాలి. అలా పుట్టిందే మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్. అందరూ దాన్ని 'మైసా' అంటారు.

పాయింట్ల లెక్కే వేరు

ఈ లీగ్‌లో గోల్స్ కొడితేనే సరిపోదు. టీమ్ అంతా కలిసి వాడలో చెత్త ఎత్తి, కాలువ శుభ్రం చేస్తే పాయింట్ల పట్టికలో ఆరు పాయింట్లు చేరతాయి. ఒక మ్యాచ్ గెలిస్తే వచ్చేదానికంటే ఇవి ఎక్కువ! ఎంత బాగా ఆడే టీమ్ అయినా పార పట్టకపోతే వెనకబడుతుంది.

మ్యాచ్‌లో ఎక్కువ క్రీడాస్ఫూర్తి చూపిన ఆటగాడికి రిఫరీ గ్రీన్ కార్డు ఇస్తారు. చిన్నపిల్లలకు కోచింగ్ ఇచ్చినా, రిఫరీగా నిలబడినా పాయింట్లు వస్తాయి. అవి కూడబెట్టుకున్న పిల్లలకు లీడర్‌షిప్ అవార్డు దక్కుతుంది. ఆ డబ్బు స్కూలు ఫీజుకు వెళ్తుంది. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయే చోట దాని విలువ మనం ఊహించుకోవచ్చు.

1992లో అమ్మాయిల ఫుట్‌బాల్ కూడా మొదలైంది. ఇంటిపని, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకునే పని ఎవరు చేస్తారని చాలా ఇళ్లలో అభ్యంతరం వచ్చింది. అయినా అమ్మాయిలు మైదానంలోకి వచ్చారు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం మైసాకు గ్లోబల్ 500 అవార్డు ఇచ్చింది. ఈ సంఘం నుంచి పుట్టిన మథారే యునైటెడ్ క్లబ్ 2008లో కెన్యా ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిచింది.

నాయకత్వం ఎక్కడ పుడుతోంది?

ఒక్కసారి ఆ టీమ్ కెప్టెన్ స్థానంలో మీ పిల్లల్ని ఊహించుకోండి. సెలవు రోజు పొద్దున్నే పదిమందిని నిద్రలేపి తీసుకురావాలి. రానన్నవాణ్ని బతిమాలాలి. బద్ధకించేవాడికి కోపం రాకుండా చెప్పాలి. పారలు తక్కువైతే పని పంచాలి. ఇవి జరగకపోతే నష్టం తన ఒక్కడికే కాదు, టీమ్ మొత్తానికి. ఎవరి ఉపన్యాసమూ నేర్పలేని పాఠం అది.

మథారే పిల్లల కష్టాలు మన పిల్లలకు రావాలని ఎవరూ కోరుకోరు. కానీ మనం వాళ్లకు ఏ కష్టమూ మిగల్చడం లేదేమో కూడా ఆలోచించాలి. కోచ్‌ని మనమే మాట్లాడతాం, కిట్ మనమే కొంటాం, గ్రౌండు మనమే బుక్ చేస్తాం. గొడవొస్తే వాట్సాప్ గ్రూపులో మనమే తీరుస్తాం. పిల్లవాడు వెళ్లి బ్యాటింగ్ చేసి వస్తాడంతే. స్కూల్లో మేమూ అప్పుడప్పుడు ఇదే పొరపాటు చేస్తుంటాం.

ఈ నెల ఇంటి దగ్గర ప్రయత్నించండి

• మీ అపార్ట్‌మెంట్‌లోనో, కాలనీలోనో ఒక ఆదివారం మ్యాచ్‌ని పూర్తిగా పిల్లలకే వదిలేయండి. అసోసియేషన్ సెక్రటరీ దగ్గర అనుమతి కూడా వాళ్లే అడగాలి.

• బంతుల కోసం వసూలు చేసిన డబ్బుకు వాళ్లే లెక్క రాయాలి.

• ప్రతి ఒక్కరూ వంతులవారీగా అంపైరింగ్ చేయాలి. బాగా ఆడేవాడికి మినహాయింపు లేదు.

• ఆట అయ్యాక మైదానం శుభ్రం చేస్తేనే ఆ మ్యాచ్ లెక్కలోకి వస్తుంది.

• వాచ్‌మన్ గారి పిల్లల్నీ, పక్క వీధి పిల్లల్నీ టీముల్లో కలుపుకోమనండి.

మొదటి ఆదివారం గొడవ జరగొచ్చు, మ్యాచ్ మధ్యలో ఆగిపోవచ్చు. దెబ్బలు తగిలే పరిస్థితి వస్తే తప్ప బాల్కనీ దిగకండి. రెండో ఆదివారం నాటికి ఎవరో ఒకరు ముందుకొచ్చి, "సరే, ఇలా చేద్దాం" అంటారు. మీరు ఏ కోర్సులో వెతుకుతున్నారో, అది ఆ మాటలోనే ఉంది.