ఫ్లూ టీకా - తలిదండ్రుల బెంగ

గాలిపటం ఎగురవేసి, మెరుపు విద్యుత్తేనని చూపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు హైస్కూలు విద్యార్థులందరికీ తెలిసినదే. అది 1752 నాటి మాట. దానికి పదహారేండ్ల ముందు, 1736 నవంబరులో, ఆయన ఇంట జరిగిన విషాదం మాత్రం పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించదు. ఆయన కుమారుడు ఫ్రాన్సిస్, నాలుగేండ్ల పసివాడు, మశూచికం సోకి మరణించాడు.

ఆ రోజులలో జెన్నర్ టీకాలు లేవు. అవి 1796లో గాని రాలేదు. అయితే మశూచికపు పొక్కులలోని రసిని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించే పద్ధతి ఒకటి ఉండేది. 1721లో బోస్టను నగరంలో ఈ వ్యాధి చెలరేగినప్పుడు, మామూలుగా జబ్బు సోకిన సుమారు 5,900 మందిలో 844 మంది చనిపోయారు. రసి ఎక్కించుకొన్న సుమారు 240 మందిలో చనిపోయినవారు 6గురు. అనగా ఒక వైపు నూటికి 14 మంది, మరొక వైపు నూటికి ఇద్దరో ముగ్గురో. లెక్క చూస్తే ఏది మేలో తెలుస్తూనే ఉన్నది. కాని ఆ ఆరుగురిలో ఒకడు మన బిడ్డే అయితే?

(అప్పుడు ఫ్రాంక్లిన్ అన్నగారి పత్రిక ఈ పద్ధతిని తీవ్రంగా ఎదిరించింది. పదిహేనేండ్ల ఫ్రాంక్లిన్ ఆ అచ్చుకూటంలోనే పని నేర్చుకొంటున్నాడు! తరువాత ఆయనే దీనికి గట్టి సమర్థకుడైనాడు.)

కుమారుడికి కూడా రసి ఎక్కించాలనే ఆయన అనుకొన్నాడు. పిల్లవాడికి విరేచనాలు పట్టుకొని ఉండడం చేత, అవి తగ్గాక చూద్దామని ఆగాడు. ఇంతలో అసలు జబ్బే వచ్చి పడింది. రసి ఎక్కించడం వల్లనే బిడ్డ పోయాడని ఊళ్ళో పుకారు పుట్టగా, అది నిజం కాదని ఆయన తన పత్రికలో ప్రకటించవలసి వచ్చింది. చాల ఏండ్లకు ఆత్మకథలో ఈ సంగతి చెబుతూ, ఎక్కించనందుకు చిరకాలం కుమిలిపోయానని వ్రాసుకొన్నాడు. ఎందుకు వ్రాస్తున్నాడో కూడా చెప్పాడు. మందు ఎక్కించిన తరువాత బిడ్డకేమైనా అయితే తమను తాము క్షమించుకోలేమని మానివేసే తలిదండ్రులు ఉన్నారు. మానివేసినందుకు కూడా అంత దుఃఖమూ అనుభవించవలసి రావచ్చు. కాబట్టి ఏ దారిలో అపాయం తక్కువో ఆ దారి పట్టాలని ఆయన భావం.

ఇక మన ఇళ్ళకు వద్దాం. ఫ్లూ, అనగా ఇన్‌ఫ్లుయెంజా, మశూచికమంత భయంకరమైనది కాదు. చాలమంది పిల్లలు వారం రోజులలో తేరుకొంటారు. అయినా అయిదేండ్ల లోపువారికి, ముఖ్యంగా రెండేండ్లు నిండనివారికి, ఉబ్బసం, గుండె జబ్బు వంటివి ఉన్నవారికి అది న్యుమోనియాలోకి దింపవచ్చు. ఆరు నెలల నుంచి అయిదేండ్ల వరకు ఏటేటా టీకా వేయించడం మంచిదని మన దేశపు శిశువైద్యుల సంఘం సలహా ఇస్తున్నది. కాని ప్రభుత్వం పిల్లలందరికీ ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు. వేయించడమా, మానడమా అన్నది తలిదండ్రులే తేల్చుకోవాలి. బెంగ అక్కడే మొదలవుతుంది.

ఒక ఇంటి సంగతి ఊహించుకొనండి. మూడేండ్ల పిల్లకు సాయంకాలం ఫ్లూ టీకా వేయించి తీసుకువచ్చింది తల్లి. రాత్రికి పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. “ఆడుకొంటున్న పిల్లను తీసుకుపోయి సూది పొడిపించుకొని వచ్చావు గదే!” అన్నది అమ్మమ్మ. తల్లికి కంటి మీద కునుకు లేదు.

ఆ జ్వరం ఫ్లూ జ్వరం కాదు. సాధారణంగా సూదితో వేసే టీకా ఎలా తయారవుతుందో చూడండి. వైరసును కోడిగుడ్లలో పెంచి, రసాయనాలతో నిర్జీవం చేసి, ముక్కలుగా విడగొడతారు. ఆ ముక్కలు శరీరంలో పెరగలేవు. వాటి నుంచి జబ్బు పుట్టదు. (ముక్కులో చల్లే రకంలో మాత్రం, బలహీనపరచిన సజీవ వైరసు ఉంటుంది.) ఒంటిలోని రక్షణ వ్యవస్థ ఆ ముక్కలను పరాయివిగా గుర్తించి, వాటికి సరిపడే ప్రతిరక్షకాలను తయారుచేయడం మొదలుపెడుతుంది. ఆ హడావిడిలో వెలువడే పదార్థాల వల్లనే ఒళ్ళు వెచ్చబడడం, చేయి నొప్పి. ఒకటి రెండు రోజులలో అవి పోతాయి. పిల్లకు ఊపిరి అందకపోయినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం తీవ్రమైనా, తగ్గకపోయినా డాక్టరుకు చూపవలసిందే.

“టీకా వేయించిన వారానికే జలుబు చేసింది” అనేవారూ ఉన్నారు. దీనికి చిన్న లెక్క ఉన్నది, తరగతిలో చేయించవచ్చు. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు సార్లు జలుబు చేస్తుందనుకొందాం. అది ఎక్కువేమీ కాదు. ఒక బడిలో 40 మంది పిల్లలు ఉంటే ఏడాదికి 240 జలుబులు. 52 వారాలకు పంచితే రెండు వారాలకు సుమారు 9. ఏ టీకా వేయకపోయినా, ఏ రెండు వారాలు తీసుకొన్నా, తొమ్మిదిమంది ముక్కులు కారుతూనే ఉంటాయి. ఆ రెండు వారాల ముందు రోజున అందరికీ టీకా వేశామనుకొనండి, తొమ్మిది జలుబులూ టీకా ఖాతాలోకే పోతాయి! పైగా టీకా రక్షణ పూర్తిగా రావడానికే సుమారు రెండు వారాలు పడుతుంది. జలుబు కలిగించే ఇతర వైరసుల మీద అది పనిచేయదు. ఫ్లూ మీద కూడా, ఆ ఏటి వైరసుకు టీకా బాగా సరిపోయినప్పుడు, ప్రమాదాన్ని నూటికి 40 నుంచి 60 వంతులు తగ్గిస్తుంది, అంతే.

భయానికి ఎన్నడూ ఆధారం లేదనడం మాత్రం సత్యం కాదు. 2010లో ఆస్ట్రేలియాలో ఒక కంపెనీ తయారుచేసిన ఫ్లూ టీకా వల్ల చిన్నపిల్లలలో తీవ్రమైన జ్వరాలు, జ్వరంతో ఫిట్స్ ఎక్కువయ్యాయి. అక్కడి అధికారులు ఆ ఏప్రిల్‌లోనే అయిదేండ్ల లోపువారికి ఫ్లూ టీకాలు ఆపి, విచారించి, దోషం ఆ ఒక్క తయారీదేనని తేల్చారు. ఆ టీకాను చిన్నపిల్లలకు మానివేసి, తక్కినవాటిని కొనసాగించారు. అడిగే తల్లికి ఈ సంగతి దాచకుండా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంత తెలిసినా బెంగ ఎందుకు పోదు? 1990లో ఇలానా రిటోవ్, జోనథన్ బారన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించారు. పిల్లలకు వచ్చే ఒక ఫ్లూ వల్ల 10,000 మందిలో 10 మంది చనిపోతారనీ, టీకా ఆ జబ్బును ఆపుతుంది గాని టీకా వల్లనే కొందరు చనిపోవచ్చుననీ ఊహించుకొమ్మన్నారు. (ఇవి ప్రయోగం కోసం కల్పించిన అంకెలు, నిజమైన టీకావి కావు.) టీకా మరణాలు ఎన్ని దాకా ఉంటే మీ బిడ్డకు వేయిస్తారు? లెక్క ప్రకారం 9 దాకా ఒప్పుకోవాలి. చాలమంది అంతకు బాగా తక్కువ దగ్గరే ఆగిపోయారు. ఒక్కటి కూడా కూడదన్నవారూ ఉన్నారు. తన చేతితో చేసిన పని వల్ల కలిగే కీడు, చేయక ఊరుకొన్నందువల్ల కలిగే కీడుకంటె మనసుకు బరువుగా తోస్తుంది. జబ్బు వస్తే “ఖర్మ” అంటాము. సూది వల్ల జ్వరం వస్తే “నేనే చేయించాను” అనుకొంటాము. బిడ్డకు మాత్రం రెండూ జ్వరాలే. ఈ తూకంలోని మోసం చదువు లేనివారికే పరిమితం అనుకోవద్దు. డాక్టర్ల ఇళ్ళలోనూ ఉంటుంది.

ఆ మూడేండ్ల పిల్లకు ఇది మొదటి ఫ్లూ టీకా అయితే నాలుగు వారాల తరువాత రెండవ మోతాదు కూడా వేయించాలి. తొమ్మిదేండ్లు నిండనివారికి మొదటి ఏడు రెండు మోతాదులు అవసరం. మొదటిసారి ఒళ్ళు వెచ్చబడిందన్న సంగతి తల్లి డాక్టరుకు చెప్పాలి. కొద్దిపాటి జ్వరం రెండవది మానడానికి కారణం కాదు. ఆ రోజు అమ్మమ్మను కూడా వెంట తీసుకుపోవచ్చు. ఫ్లూ ఎక్కువగా బాధించేది పసివారినీ, అరవై అయిదు దాటినవారినీ. ఆమె కూడా ఆ టీకా వేయించుకోవలసినదే.