కుట్టులేని బట్ట - కదిలే గాలి

ఎర్రసముద్ర తీరాన, జెద్దాకు ఉత్తరంగా ఉన్న రాబిగ్ పట్టణానికీ కుట్టులేని వస్త్రానికీ తరతరాల అనుబంధం ఉంది. పట్టణానికి చేరువలోని జుహ్ఫా, సిరియా, ఈజిప్టు దిక్కుల నుంచి మక్కాకు వెళ్ళే యాత్రికులు ఇహ్రాం దీక్ష వహించవలసిన స్థలం. పురుషులు కుట్టుబట్టలు విడిచి, నడుముకొకటి, భుజాలకొకటి తెల్లని వస్త్రాలు ధరిస్తారు. మన పంచె, ఉత్తరీయాలను తలపించే ఆ వేషం దీక్షా నియమమే గాని వేసవి ఉపాయం కాదు. అయినా వేడిమిలో నడుముకు చుట్టిన వదులు వస్త్రం హాయినిస్తుంది. అందుకు కారణం శరీరధర్మంలో ఉంది.

చర్మపు ఉష్ణోగ్రత ఇంచుమించు 35 డిగ్రీల సెల్సియస్. గాలి అంతకంటే వేడెక్కితే శరీరం తన వేడిని దానికి ఇవ్వజాలదు. పైపెచ్చు దాని నుంచే గ్రహిస్తుంది. ఇక మిగిలే మార్గం చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి ఖర్చవుతుంది. కారిపోయిన చెమట వల్ల ఈ మేలు కలగదు. ఆవిరైన చెమట వల్లనే కలుగుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. రాబిగ్ ఎడారి అంచున ఉన్నా, సముద్రపు తేమ వల్ల అక్కడ చెమట సులభంగా ఆరదు. కాకినాడ, మచిలీపట్నం వాసులు ఎరిగిన ఉక్కపోతే అది. బిగుతైన ప్యాంటులో చిక్కుకున్న గాలి త్వరలోనే ఆవిరితో నిండిపోతుంది. లుంగీ అంచు మాత్రం అడుగడుగునా కదిలి, కొలిమితిత్తి వలె తేమగాలిని వెలికి నెట్టి కొత్త గాలిని లోనికి రప్పిస్తుంది.

బెడూయిన్ల నల్లని అంగీలపై 1980లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన కూడా వదులు వస్త్రపు గుణాన్నే చాటింది. నలుపు ఎక్కువ వేడిని గ్రహించినా, ఆ అదనపు వేడి చర్మాన్ని చేరకముందే గాలిలో కలిసిపోతుందని, ధరించినవారికి సోకే వేడి తెలుపులోనూ నలుపులోనూ ఒకటేనని తేలింది.

కనుక గదిలో పలుచని నూలు లుంగీ ఉత్తమం. తొడలు ఒరుసుకొనేవారు లోపల నూలు నిక్కరు ధరించాలి. నీడలో మడచి కట్టవచ్చు. ఎండలో పాదాల దాకా దించాలి. యంత్రాల చెంత మాత్రం లుంగీ ప్రమాదకరం. అక్కడ రక్షణ దుస్తులే శరణ్యం.

ఏ వస్త్రానికైనా హద్దు ఉంది. గాలే తేమతో నిండితే లుంగీ కూడా నిస్సహాయమే. సౌదీ అరేబియాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషిద్ధం కావడం ఇందుకే. తోటివాని మాట తడబడినా, తెలివి తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసరుతూ వైద్యసహాయం పిలవాలి. ఆ వేళ ప్రాణం నిలిపేది కూడా ఆవిరయ్యే నీరు, కదిలే గాలే.