బందరు ఆఫీసు నుంచి ఎదురుమొండి బడి దాకా

మూడో తరగతి పిల్లవాడికి చదవడం రాకపోతే ఊళ్ళో అందరూ అనేది పంతులుగారినే. మహా అయితే హెడ్మాస్టరుని కూడా కలిపి అంటారు. ఆ పంతులుగారిని ఆ బడికి వేసిందెవరు, ఆయనొక్కరికే ఎన్ని తరగతులు అప్పగించారు, కష్టమొస్తే చెప్పుకోడానికి ఆయనకెవరున్నారు అని అడిగేవాళ్ళు తక్కువ. కృష్ణా జిల్లాలో ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు బందరులో, జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్ళింది. బందరు, అంటే మచిలీపట్నం, కేంద్రంగా 25 మండలాల కృష్ణా జిల్లా మిగిలింది. ఇక్కడ ప్రాథమిక పాఠశాల మండల పరిషత్తుది, హైస్కూలు జిల్లా పరిషత్తుది, పట్టణాల్లో కొన్ని బడులు మునిసిపాలిటీవి. యాజమాన్యాలు వేరైనా పర్యవేక్షణ డీఈవోదే. ఆయన కింద డిప్యూటీ డీఈవోలు, మండలాల్లో మండల విద్యాశాఖాధికారులు (ఎంఈవోలు), వాళ్ళ కింద దగ్గరి బడులను కలిపిన స్కూల్ కాంప్లెక్సులు, చివర హెడ్మాస్టర్లు.

ఇంత యంత్రాంగంలో పిల్లల చదువును అన్నిటికన్నా నేరుగా తాకేది పోస్టింగు. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి కృష్ణా పాయల మధ్య ఉన్న దీవి. అక్కడ చెప్పడానికి వెళ్ళే టీచరు ఏరు దాటాలి. వరదొస్తే దాటడమే గగనం. అందుకే బదిలీల్లో మారుమూల బడికి ఎక్కువ పాయింట్లు ఇస్తారు: ఒకటో కేటగిరీ బడిలో ఏడాది పనిచేస్తే ఒక పాయింటు, నాలుగో కేటగిరీలో అయిదు. ఆ పాయింట్ల కోసం టీచరు దీవికి వస్తాడు. కాని అవే పాయింట్లతో తర్వాతి బదిలీల్లో రోడ్డు పక్క బడికి వెళ్ళిపోతాడు. పిల్లలు అలవాటుపడేలోపు మనిషి మారతాడు. ఇది టీచరు తప్పు కాదు. ఎవరు ఎప్పుడు వెళ్తారో ముందే తెలిసే వీలున్నప్పుడు ఖాళీ పడకుండా చూడవలసింది పైవాళ్ళు.

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లుండాలి. ఒక్కరే ఉన్నచోట ఆ ఒక్కరికీ జ్వరమొస్తే అయిదు తరగతులూ ఆగిపోతాయి. అలాంటి బడికి మిగులు టీచరును సర్దుబాటు చేసే అవకాశం జిల్లా అధికారుల చేతిలో ఉంది. ఆ పని జూన్‌లో జరగడం వేరు, సెప్టెంబరులో జరగడం వేరు. ఒకటో తరగతి పిల్లకు మధ్యలోని మూడు నెలలే అక్షరాలు పట్టుబడే కాలం.

చెప్పే తీరు మెరుగుపడాలన్నా సాయం బయటినుంచి రావాలి. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం టీచర్లను ఒకచోట కూర్చోబెట్టి, బోధనోపకరణాలు వాళ్ళ చేతే చేయించింది. 1986 జాతీయ విద్యావిధానం వల్ల జిల్లాకో శిక్షణ సంస్థ, అంటే డైట్, ఏర్పడింది. కృష్ణాకు అది గుడివాడ దగ్గరి అంగలూరులో ఉంది. ఈనాటి కాంప్లెక్స్ సమావేశాలు ఆ వరసలోవే. అక్కడ ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో మాట్లాడుకుంటే సోమవారం తరగతి మారుతుంది. సర్క్యులర్లు చదివి సంతకాలు పెట్టించుకుంటే ఆ పూట వృథా.

మూడు నుంచి అయిదు తరగతుల పిల్లల్ని వయసును బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి జట్లుగా కూర్చోబెట్టి నేర్పే పద్ధతి ఒకటుంది. దాన్ని ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దేశమంతా ప్రచారంలోకి తెచ్చింది. అయితే రోజూ గంటసేపు తరగతుల గోడలు చెరిపేయడం ఏ టీచరూ సొంతంగా చేయలేడు. టైంటేబుల్ మార్చుకోనివ్వాలి, సిలబస్ వెనకబడిందని తనిఖీలో నిలదీయకూడదు. ఆ హామీ పైనుంచే రావాలి.

2004లో విద్యా పరిశోధకుడు కెన్నెత్ లీత్‌వుడ్ తదితరులు అమెరికాలో వెలువరించిన నివేదిక కూడా పైవాళ్ళ పాత్ర ముఖ్యమనే చెప్పింది. బడికి సంబంధించిన అంశాల్లో పిల్లల చదువుపై ప్రభావం చూపేవాటిలో మొదటిది తరగతి బోధన, రెండోది నాయకత్వమని తేల్చింది. హార్వర్డ్ ఆచార్యుడు రిచర్డ్ ఎల్మోర్ ఇంకో మాట జోడించాడు: టీచరు దగ్గర ఫలితం అడిగే ప్రతి అధికారీ ఆ ఫలితానికి కావలసిన సామర్థ్యం కూడా సమకూర్చాలి. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పనిని 2024లో రాష్ట్ర ప్రభుత్వం టీచర్లకు తప్పించింది. కొన్నిసార్లు భారం తీసేయడమే పెద్ద సాయం.

ఇక పిల్లల నడవడి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పక్కన పెట్టమనడం తేలికే. నలభై మంది గోల చేస్తుంటే దాని బదులు ఏం చేయాలో టీచరుకు నేర్పించడమే అసలు పని. ఎదురుమొండి ఉన్న దివిసీమలో క్రమశిక్షణ సమస్యగా కనిపించేది చాలాసార్లు హాజరు సమస్య. తల్లిదండ్రులు వేటకో కోతకో వెళ్తే పిల్లలు వెంట వెళ్తారు, లేదా చంటిదాన్ని చూసుకుంటూ ఇంట్లో ఉంటారు. పది రోజుల తర్వాత వచ్చిన పిల్లవాడికి పాఠం అందదు, అందక అల్లరి చేస్తాడు. వాడిని బెంచీ ఎక్కించే ముందు ఇంటికి వెళ్ళి కనుక్కునే మనిషి కావాలి. సమగ్ర శిక్ష పథకంలో క్లస్టర్ స్థాయి సిబ్బందికి బడి మానిన పిల్లల్ని వెతికే బాధ్యత ఉంది. వాళ్ళను లెక్కలు పంపడానికే వాడుకుంటే ఆ తలుపు తట్టేవాళ్ళుండరు.

పైవాళ్ళ ముందుచూపు తుఫాన్లు, వరదల వేళా కావాలి. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఈ తీరంలో కట్టిన తుఫాను షెల్టర్లలో కొన్ని మామూలు రోజుల్లో బడులయ్యాయి. ఇప్పటికీ గాలివాన వస్తే బడే పునరావాస కేంద్రం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చి లంక గ్రామాలు మునిగాయి. అలాంటప్పుడు సెలవు ప్రకటించడం ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది. తడిసిన పుస్తకాలకు బదులు కొత్తవి ఏ రోజుకి అందుతాయి, పోయిన పాఠాలు ఎప్పుడు చెప్తారు, భయపడిన పిల్లలతో ఎవరు మాట్లాడతారు అన్నవి వరద రాకముందే తేల్చుకోవలసినవి.

తల్లిదండ్రుల కమిటీలకూ ఇందులో వాటా ఉంది. చట్టం ప్రకారం సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది మహిళలుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కూడా ఈ కమిటీయే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రులను బడికి పిలిచారు. వచ్చినవాళ్ళు ప్రోగ్రెస్ కార్డులో మార్కులు చూసుకున్నారు. ఈసారి వెళ్ళినప్పుడు ఖాళీగా ఉన్న పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో అడిగి, ప్రణాళికలో రాయించి, ఎంఈవోకు అందినట్టు రసీదు తీసుకోవచ్చు.