గొట్టాలు వచ్చాయి, తాళ్లు పోలేదు

నర్సీపట్నం: డాబా ఇల్లు లేస్తోందంటే చుట్టూ సరుగుడు కర్రలు, వెదురు గడలు, కొబ్బరి తాళ్లు కనిపించేవి ఒకప్పుడు. ఈ ప్రాంతంలో సరుగుడు తోటలకు కొదవ లేదు. వెదురు మన్యం నుంచి దిగేది. సారువ కట్టడం తాపీ పనివారికి చేతిలో పని. ఇప్పుడు రెండంతస్తులు దాటిన కట్టడాలకు ఇనుప గొట్టాలు వచ్చాయి. సరుగుడు కాగితం మిల్లుల దారి పట్టింది.

కర్రకు ఖర్చు తక్కువే. అయితే నాలుగు వానలకు తడిస్తే పుచ్చుతుంది, చివరకు పొయ్యిలోకి పోతుంది. గొట్టం ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంటి యజమాని కొననక్కరలేదు, సెంట్రింగు సామాను అద్దెకిచ్చే చోట తెచ్చుకోవచ్చు. సాధారణంగా వాడే గొట్టం లావు 48.3 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలకు కాస్త తక్కువ. రేకు మందం 4 మిల్లీమీటర్లుంటే 20 అడుగుల గొట్టం సుమారు 26 కిలోలు తూగుతుంది.

విశాఖలో ఉక్కు కర్మాగారం ఉండగా గొట్టాలు వేరేచోటి నుంచి రావడమేమిటని కొందరి సందేహం. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, తీగ చుట్టలు, యాంగిళ్లు వంటివి. గొట్టానికి వెడల్పాటి రేకు కావాలి. దానిని గుండ్రంగా వంచి అంచులు అతుకుతారు.

పట్టు బిగింపులోనే

గొట్టం ఎంత గట్టిదైనా రెండు గొట్టాలు కలిసేచోట పట్టు లేకపోతే దండగే. లండన్‌లో డేనియల్ పామర్ జోన్స్ అనే ఆయన 1919లో ఇనుప బిగింపును తెచ్చాకే గొట్టాల సారువ లోకమంతా పాకింది. మనవాళ్లు దానిని క్లాంపు అంటారు. బోల్టు, నట్టు వేసి పానాతో బిగించాలి.

చిక్కు ఇక్కడే వస్తోంది. క్లాంపులు చాలకపోతే కొందరు పాత అలవాటు కొద్దీ తాడుతోనో, బైండింగు వైరుతోనో కట్టేస్తున్నారు. సరుగుడు కర్రకు బెరడు ఉంటుంది, కణుపులుంటాయి, తాడు కరచుకుంటుంది. గొట్టం నున్నన. పైన ఇద్దరు మనుషులు, సిమెంటు తట్టలు, ఇటుకలు చేరేసరికి ముడి జారుతుంది. కింద పలక, దానిపై ఇనుప ప్లేటు వేయకుండా వట్టి నేలపై నిలబెట్టిన గొట్టం వానకు మెత్తబడిన మట్టిలోకి దిగిపోతుంది. ఒక కాలు దిగితే సారువంతా వాలుతుంది. గోడకు కట్టు కూడా లేకపోతే ఇక చెప్పేదేముంది?

కరెంటు భయం

కర్ర తీగకు తగిలినా ప్రమాదమే. ఇనుప గొట్టం తగిలితే పట్టుకున్నవాడు బతకడం కష్టం. 11 వేల వోల్టుల తీగకు, కట్టడానికి మధ్య పక్కవాటున కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలని నిబంధన. అంటే నాలుగడుగులు. 20 అడుగుల గొట్టాన్ని నిలబెట్టి తిప్పేవాడికి ఆ నాలుగడుగులు ఏ మూలకు? ఇరుకు వీధుల్లో పని మొదలుపెట్టే ముందు విద్యుత్ శాఖవారికి చెప్పి ఎల్సీ తీసుకోవాలి, సరఫరా ఆపించాలి. గంటసేపు ఊరికి కరెంటు పోతుందని మొహమాటపడేవారే ఎక్కువ.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. అది ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. ఏ చట్టమైనా పెద్ద కంట్రాక్టర్ల వరకే. పల్లెలో మేడ కట్టుకునే రైతు దగ్గరకు తనిఖీకి వచ్చేవారెవరు? సామాను అద్దెకిచ్చినవారు సారువ కట్టరు. కట్టే కూలీకి ఎవరూ నేర్పరు. పక్కవాడిని చూసి నేర్చుకున్నదే చదువు.

పని అయ్యాక గొట్టాలు లెక్కకు సరిపోతాయి. క్లాంపులే తేలవు, ఇసుకలో కప్పడిపోతాయి. తగ్గినవాటికి ఖరీదు కట్టాలి. ఆ భయంతోనే కొందరు యజమానులు మొదటే నాలుగు తక్కువ తెచ్చుకుంటున్నారు. తగ్గినచోట మళ్లీ తాడే.